‘ఇంటి సంఘం’ అంటే ఎవరి ఇల్లు?

బరంపురం నుంచి:

ఒక్క మాట కోసం మూడు రోజులుగా మా ఇంట్లో వాదన నడుస్తోంది. ఈ గుంపులో పెద్దలెవరైనా తేల్చాలి.

మా ఆడపడుచు కొడుకు అమెరికాలో పైలట్. వాళ్ళ కంపెనీలో ఇప్పుడు ఎక్కడ విన్నా ఒకటే చర్చట. ఆ ఒక్క కంపెనీ పైలట్లకే ఉన్న యూనియన్‌లో ఉండిపోవాలా, లేక చాలా కంపెనీల పైలట్లు ఉన్న పెద్ద యూనియన్‌లో చేరాలా అని. ఫోన్లో వాడు ‘ఇన్‌హౌస్ యూనియన్’ అన్నాడు. మా మామగారికి ఎనభై దాటాయి, చెవి సరిగ్గా వినపడదు. ఆయనకు అర్థమయ్యేలా నేను గట్టిగా "ఇంటి సంఘం మామయ్యా" అన్నాను. ఆయన రైల్వేలో చేసి రిటైరైన మనిషి. కాసేపు ఊరుకుని, "అంటే మేనేజ్‌మెంటు పెట్టించిన జేబు సంఘమా? అందులో వాడెందుకున్నాడు?" అన్నారు.

అది కాదని చెప్పడానికి గంట పట్టింది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు 1963లో పెద్ద సంఘం నాయకత్వంతో పొసగక బయటికొచ్చి, అలైడ్ పైలట్స్ అసోసియేషన్ అని సొంతంగా పెట్టుకున్నారు. సౌత్‌వెస్ట్ వాళ్ళదీ సొంత సంఘమే, యూపీఎస్ సరుకుల విమానాలు నడిపేవాళ్ళదీ సొంతమే. వీటిలో కంపెనీ చెయ్యి ఉండదు. కంపెనీ తన డబ్బుతో యూనియన్‌ను పోషించడాన్ని అక్కడి చట్టమే నిషేధించింది. ఆ చట్టం పేరు చెప్పాకే మామగారి మొహం వికసించింది. అది రైల్వే లేబర్ యాక్ట్! 1926లో రైల్వే వాళ్ళ కోసం చేసినదాన్ని 1936లో విమానాలకూ వర్తింపజేశారు. "చూశావా, గాల్లో ఎగిరేవాళ్ళు కూడా మా పట్టాల మీదే నడుస్తున్నారు" అని రెండు రోజులు అందరికీ చెప్పుకున్నారు.

తగాదా అక్కడితో ఆగలేదు. మా వారు మధ్యలో వచ్చి, "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ముందు సొంత సంఘాన్ని గట్టి చేసుకోమను" అన్నారు. మామగారు ఒప్పుకోలేదు. "ఇంట గెలవమన్నది రచ్చకు వెళ్ళడానికేరా, ఇంట్లో కూర్చోడానికి కాదు" అన్నారు. ఒకే సామెతను చెరో చివరా పట్టుకుని లాగుతున్నారు. నా ప్రశ్నలు రెండు. ఈ ‘ఇన్‌హౌస్’కు తెలుగులో మనిషి నోట పలికే మాట ఏది? ఆ సామెతలో రచ్చ అంటే అసలు ఏమిటి?

రాయగడ నుంచి:

అక్కా, సొంత యూనియన్, పెద్ద యూనియన్ అనండి. అయిపోయింది. యూనియన్ తెలుగు మాట కాదని ఎవరైనా అంటే వాళ్ళను మా పేపర్ మిల్లు గేటు దగ్గరికి తీసుకురండి.

పర్లాకిమిడి నుంచి, రిటైర్డ్ తెలుగు మాస్టారు:

ముందు రచ్చ సంగతి. రథ్య అనే సంస్కృత పదానికి ఇది వికృతి. రథ్య అంటే రథం నడిచే దారి. మన ఒడిశాలో ఉన్నవాళ్ళకు దీన్ని వివరించే శ్రమ లేదు, పూరీలో జగన్నాథ రథం నడిచే బొడొదాండొ వీధి కళ్ళముందుకు వస్తుంది. రథం పట్టే వీధి వెడల్పుగా ఉంటుంది. వెడల్పుగా ఉన్న చోట జనం చేరతారు. జనం చేరిన చోట మాట్లాడుకుంటారు, తీర్పులు చెబుతారు. అలా దారి కాస్తా సభ అయింది. రచ్చబండ, రచ్చకెక్కడం అన్నీ అక్కణ్ణుంచే. ఇప్పటి పిల్లలు ‘రచ్చ రచ్చ చేశాడు’ అంటే అల్లరి, గొడవ. సామెతలోని రచ్చ అది కాదు. నీ బంధువులు కాని వాళ్ళు, నీమీద అభిమానం చూపవలసిన అవసరం లేని వాళ్ళు కూర్చున్న సభ.

కాబట్టి అమ్మా, సామెత విషయంలో మీ మామగారి వైపే నా ఓటు. ‘గెలిచి’ అన్నది క్త్వార్థకం. ఒక పని ముగించి రెండో పనికి వెళ్ళడాన్ని చెబుతుంది. అసలు క్రియ చివర ఉన్న ‘గెలువు’. దాన్ని వదిలేసి మొదటి ముక్క మాత్రమే వాడుకోవడం మీ వారి చమత్కారం.

ఇక మాట తయారు చేయడం గురించి. గిడుగు రామమూర్తిగారు మా ఊళ్ళోనే పాఠాలు చెప్పారు. సవర భాష కోసం ఆయన నిఘంటువులు తిరగేయలేదు, అప్పటికి అవి లేవు కూడా. సవరల దగ్గర కూర్చుని వాళ్ళ నోటి మాట విని రాసుకున్నారు. మీరూ అదే చేయండి. ఆ అబ్బాయినే అడగండి, అక్కడ తెలుగు పైలట్లు తమలో తాము ఏమనుకుంటారో.

జైపూర్ నుంచి, స్కూలు టీచర్:

‘ఇంటి’ అనే మాటతో జాగ్రత్త వదినా. పక్కన ఒడియాలో చూడండి. ఘరొ అంటే ఇల్లు. దాన్నుంచి వచ్చిన ‘ఘరోయి’కి ఇప్పుడు ప్రైవేటు అనే అర్థం బాగా వాడుకలో ఉంది. ఘరోయి హాస్పిటల్ అంటే ప్రైవేటు ఆసుపత్రి. క్రికెట్ వార్తల్లో అదే మాటకు దేశవాళీ అని అర్థం. మా పిల్లలు మీ ‘ఇంటి సంఘం’ చదివితే ముందు ఒడియాలోకి తిప్పుకుని, ఎవరో సేఠ్ పెట్టుకున్న ప్రైవేటు సంఘం అనుకుంటారు. అంటే మీ మామగారికి వచ్చిన అనుమానమే మళ్ళీ వస్తుంది.

ఇంకొకరెవరో వచ్చి ‘శ్రేణి’ అనకముందే చెబుతున్నా. పాతకాలం వృత్తి సంఘాలకు శ్రేణి అనేవారు, నిజమే. ఇక్కడ బడిలో శ్రేణీ అంటే క్లాసు. పైలట్ల శ్రేణి అంటే ఏ క్లాసు పైలట్లు అని అడుగుతారు.

ఛత్రపురం నుంచి:

పెద్ద సంఘాన్ని సమాఖ్య అంటే సరిపోదా? మా రైల్వేలో జోన్ల వారీగా యూనియన్లు, పైన ఫెడరేషన్. ఆలిండియా రైల్వేమెన్స్ ఫెడరేషన్‌కు పునాది వేసినవాళ్ళలో వి.వి.గిరిగారు ఒకరు. మీ బరంపురంలోనే పుట్టారు కదా, 1894లో. అన్నట్టు 1974 మేలో అదే ఫెడరేషన్ దేశమంతా రైళ్ళు ఆపితే, ఆ రోజుల్లో రాష్ట్రపతి భవన్‌లో ఉన్నదీ గిరిగారే. మీ మామగారిని అడగండి, ఆ ఇరవై రోజుల గురించి ఒక రాత్రంతా చెబుతారు.

బరంపురం నుంచి:

అడగకుండానే చెప్పారు, రాత్రంతా కాదు, రెండు రాత్రులు.

సమాఖ్య ఇక్కడ కుదరదండీ. సమాఖ్యలో సభ్యులు సంఘాలు. మా వాడు చెప్పిన పెద్ద యూనియన్, ఎయిర్ లైన్ పైలట్స్ అసోసియేషన్, అలా కాదు. 1931 నుంచి ఉన్న ఆ సంఘంలో పైలట్ నేరుగా సభ్యుడు. ప్రతి కంపెనీ పైలట్లకూ లోపల వేరే కౌన్సిల్ ఉంటుంది. జీతాల ఒప్పందం వాళ్ళది వాళ్ళే బేరమాడుకుంటారు, చివర్లో పెద్ద సంఘం అధ్యక్షుడి సంతకం కూడా పడాలి. అంటే ఇల్లు ఒకటే, పొయ్యిలు వేరు, సరుకుల చీటీ మీద సంతకం మాత్రం పెద్దాయనది.

‘జాతీయ’ అనడానికి కూడా నాకు మనసొప్పడం లేదు. కెనడా పైలట్లు కూడా అందులో ఉన్నారు. ఎయిర్ కెనడా వాళ్ళ కథ వినండి. 1995లో అక్కడి ఉమ్మడి సంఘం నుంచి విడిపోయి సొంతది పెట్టుకున్నారు. దాదాపు ముప్ఫై ఏళ్ళు నడిపి 2023లో ఈ పెద్ద సంఘంలో కలిశారు. ఫెడెక్స్ పైలట్లు కూడా సొంత సంఘం నడిపి 2002లో మళ్ళీ ఇందులోకే వచ్చారు. రెండు దేశాల వాళ్ళున్న దానికి జాతీయ అనే మాట చిన్నదవుతుంది.

పర్లాకిమిడి మాస్టారు:

ఇప్పుడు మీరే ‘ఉమ్మడి సంఘం’ అన్నారు, గమనించారా? వెతకకుండా దొరికిన మాట.

బరంపురం నుంచి:

గమనించలేదు మాస్టారూ! వేళ్ళు రాసేశాయి.

మీరు చెప్పినట్టే నిన్న రాత్రి వాణ్ణి అడిగాను. "మీలో తెలుగువాళ్ళు ఏమంటార్రా?" అంటే నవ్వాడు. "ఏముందత్తా, మాలో మేము ‘మన యూనియన్’ అంటాం. పెద్దదాన్ని ‘ఆల్పా’ అంటాం. వేరే కంపెనీ వాడితో మాట్లాడేటప్పుడు మాత్రం ‘మా యూనియన్’ అంటాం" అన్నాడు.

ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదు. మా, మన. ఎదుటివాణ్ణి బయట ఉంచేది ‘మా’. కలుపుకునేది ‘మన’. ఇంగ్లీషులో ఈ తేడా లేదు. ఒడియాలోనూ ‘ఆమొ’ అంటే రెండూ వచ్చేస్తాయి. అక్కడి పైలట్లు వందల పేజీల్లో వాదించుకుంటున్నది తెలుగులో ఒక్క అక్షరం మీద ఆగి ఉంది. వేరే కంపెనీ కెప్టెన్‌తో కాఫీ తాగుతూ యూనియన్ సంగతి ఎత్తితే ‘మా’ అనాలా, ‘మన’ అనాలా?

ఇంతవరకూ బాగానే ఉంది, ఉమ్మడి సంఘం అంటే ‘మన’, ఎంత అందంగా ఉందో అనుకుని పొద్దున్నే మామగారికి చెప్పాను. ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టి, "రెండు ఇళ్ళు కలిస్తే పెద్దకోడలు ఎవరు?" అన్నారు. అర్థం కాక మళ్ళీ ఫోన్ చేస్తే మేనల్లుడు అసలు విషయం చెప్పాడు. పైలట్‌కు సీనియారిటీ ప్రాణం. ఏ విమానం, ఏ ఊరు, ఏ పండక్కి సెలవు, కెప్టెన్ ఎప్పుడు అవుతాడు, అన్నీ ఆ జాబితాలో అతని నంబరును బట్టే. కంపెనీ మారితే ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్నవాడూ జాబితా అడుగు నుంచే మొదలుపెట్టాలి.

2005లో యూఎస్ ఎయిర్‌వేస్, అమెరికా వెస్ట్ కలిశాయి. రెండు వైపుల పైలట్లూ అప్పటికి ఒకే ఉమ్మడి సంఘంలో ఉన్నారు. ఒకరికొకరు ‘మన’. రెండు జాబితాలను ఒకటి చేయడానికి మధ్యవర్తిని పెట్టుకుంటే 2007లో ఆయన ఇచ్చిన తీర్పు యూఎస్ ఎయిర్‌వేస్ పైలట్లకు మింగుడుపడలేదు. ఎన్నో ఏళ్ళ సర్వీసు ఉన్నవాళ్ళు నిన్నగాక మొన్న చేరినవాళ్ళ కింద పడ్డామని మండిపడ్డారు. వాళ్ళ సంఖ్య ఎక్కువ. 2008లో ఓటింగ్ పెట్టి ఉమ్మడి సంఘాన్నే సాగనంపి, కొత్త సొంత సంఘం తెచ్చుకున్నారు. అది సొంతం ఎవరికి? అమెరికా వెస్ట్ వాళ్ళ కోణంలో అదీ పరాయిదే, పైగా చందా కట్టవలసిన పరాయిది.

మన దేశంలోనూ ఇదే చూశాం కదా. 2007లో ఎయిరిండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ కలిశాయి, పైలట్ల సంఘాలు కలవలేదు. ఒకవైపు ఇండియన్ పైలట్స్ గిల్డ్, రెండోవైపు ఇండియన్ కమర్షియల్ పైలట్స్ అసోసియేషన్. 2011లో జీతాల తేడా మీద ఒకరు సమ్మె చేశారు. 2012లో డ్రీమ్‌లైనర్ అనే కొత్త విమానం శిక్షణలో రెండో వైపు వాళ్ళకూ చోటివ్వడం మీద ఇంకొకరు చేశారు, అది 58 రోజులు సాగింది. కంపెనీ ఒకటి, బోర్డు ఒకటి, ‘మా’లు రెండు.

రాయగడ నుంచి:

అయితే ఇంట గెలవడం అంటే ఇంట్లో వాళ్ళ మీద గెలవడం అన్నమాట. సామెతకు మూడో అర్థం పుట్టింది.

జైపూర్ టీచర్:

నవ్వులాటకు అన్నా అందులో నిజం ఉంది తమ్ముడూ. ‘ఇంట’ అన్నది చోటును చెప్పే రూపం. ఇంట్లో గెలవడం అని మాత్రమే ఉంది. ఎవరి మీద అన్నది సామెత చెప్పలేదు.

వదినా, ఇంకో మాట. కొన్ని సొంత సంఘాలు తమను ‘ఇండిపెండెంట్’ అని పిలుచుకుంటాయి కదా, స్వతంత్ర సంఘం అంటే?

బరంపురం నుంచి:

యూపీఎస్ వాళ్ళ సంఘం పేరులోనే ఆ మాట ఉంది. పేరు వాళ్ళిష్టం. నేను మాత్రం ఒకదాన్ని స్వతంత్రం అంటే రెండోది బానిసత్వం అన్నట్టు అవుతుంది. తీర్పు ముందే చెప్పేసే మాట నాకు వద్దు. ఇంటి సంఘం కూడా వదిలేస్తున్నాను. నాకు అందులో వెచ్చదనం వినిపించింది, మామగారికి మేనేజ్‌మెంటు వినిపించింది, మీ పిల్లలకు సేఠ్ వినిపిస్తాడు.

‘సొంత సంఘం’, ‘ఉమ్మడి సంఘం’. ఈ రెండూ ఖాయం చేసుకున్నాను.

పర్లాకిమిడి మాస్టారు:

ఉమ్మడి అనగానే మనవాళ్ళకు ఆస్తి పంపకాలు గుర్తొస్తాయి సుమా.

బరంపురం నుంచి:

రావాలనే పెట్టాను మాస్టారూ. చందా పంచుకోవడం, లాయర్ల ఖర్చు పంచుకోవడం, పెద్దాయన సంతకం కోసం ఎదురుచూడటం అన్నీ అందులో ఉన్నాయి.

ఛత్రపురం నుంచి:

ఇంతకీ అబ్బాయి ఎటు?

బరంపురం నుంచి:

ఉమ్మడి సంఘం కావాలంటూ ముందు కనీసం సగంమంది పైలట్లు కార్డుల మీద సంతకం పెట్టాలట. అప్పుడు గాని నేషనల్ మీడియేషన్ బోర్డు అనే అక్కడి ప్రభుత్వ సంస్థ ఎన్నిక జరపదు. వాడు కార్డు తీసుకుని బ్యాగులో పెట్టుకు తిరుగుతున్నాడు. నిన్న మామగారు ఫోన్ లాక్కుని "మా యా, మన యా?" అని అరిచారు. వాడికి అర్థం కాలేదు. "మామిడికాయా తాతయ్యా? ఈసారి వచ్చేటప్పుడు పట్టుకెళ్తాలే" అన్నాడు.