ఇమేజింగ్ పరిశోధకులు ఆసుపత్రి విధులను వదులుకోవాలా?

మెడికల్ ఫిజిక్స్ విద్యార్థిని, హైదరాబాద్:

అందరికీ నమస్కారం. మెడికల్ ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ ముగించి, నగరంలోని ఒక క్యాన్సర్ ఆసుపత్రి రేడియేషన్ విభాగంలో ఏడాది ఇంటర్న్‌షిప్ పూర్తి చేశాను. ఆర్ఎస్ఓ (రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్) పరీక్షకు సిద్ధమవుతున్నాను. ఇప్పుడు నా ముందు రెండు దారులున్నాయి. ఒకటి, ఆసుపత్రిలో ఫిజిసిస్టుగా చేరి, వీలు చిక్కినప్పుడు పరిశోధన చేసుకోవడం. రెండోది, ఇంజనీరింగ్ విద్యాసంస్థలోని ఇమేజింగ్ (వైద్య చిత్రాల) ప్రయోగశాలలో పూర్తికాలపు పీహెచ్‌డీలో చేరడం. తల, మెడ క్యాన్సర్ల సీటీ చిత్రాల మీద కణితి చుట్టూ, దాని పక్కనున్న అవయవాల చుట్టూ మనం చేత్తో గీసే కాంటూర్లను (హద్దు గీతలను) కంప్యూటర్ చేత గీయించే పద్ధతుల మీద అక్కడ పని జరుగుతోంది. ఆసుపత్రిలో ఉంటే పరిశోధన ఎప్పటికీ ఆదివారాల పనిగానే మిగిలిపోతుందని కొందరు సీనియర్లు అంటున్నారు. ప్రయోగశాలకు వెళ్తే రోగి ముఖం మరిచిపోతావని మరికొందరు హెచ్చరిస్తున్నారు. ఈ రంగంలో పరిశోధకురాలిగా స్థిరపడాలనుకునే మనిషి ఆసుపత్రి విధులను వదులుకోవడం మంచిదా కాదా? జీతాల సంగతి పక్కన పెట్టి, పని సంగతే చెప్పవలసిందిగా మనవి.

సీనియర్ ఫిజిసిస్ట్, రెడ్‌హిల్స్:

అమ్మా, నువ్వు సూటిగా అడిగావు కాబట్టి నేనూ సూటిగానే చెబుతాను. వదులుకోవద్దు. మన రంగంలో నిలిచిన ప్రశ్నలు చాలావరకు చికిత్స గది పక్కనే పుట్టాయి.

అలన్ కార్మాక్ సంగతి చూడు. ఆయన కేప్‌టౌన్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం బోధించేవారు. ఆ ఊరి గ్రూట్ షుర్ ఆసుపత్రిలో ఉన్న ఫిజిసిస్ట్ రాజీనామా చేసి వెళ్లిపోయారు. రేడియోధార్మిక ఐసోటోపుల వాడకాన్ని అర్హత గల భౌతికశాస్త్రవేత్తే పర్యవేక్షించాలని అక్కడి చట్టం. ఊళ్లో అణుభౌతికశాస్త్రం తెలిసిన మనిషి ఆయనొక్కరే కావడంతో 1956 మొదటి ఆరు నెలలు వారానికి ఒకటిన్నర రోజు ఆసుపత్రిలో పని చేయవలసి వచ్చింది. రేడియేషన్ ప్లానింగ్, అంటే కిరణాలు ఎక్కడ ఎంత ఇవ్వాలో ముందే లెక్కకట్టే పని, ఎలా జరుగుతుందో ఆయన అక్కడే దగ్గరి నుంచి చూశారు. ఐసోడోస్ పటాలను (సమాన డోసు పడే చోట్లను గీతలతో చూపే పటాలను) ఒకదాని మీద ఒకటి పేర్చి డోసు లెక్కకట్టేవారు. డాక్టరు చూసి సవరించమంటే మళ్లీ పేర్చేవారు. ఆ పటాలన్నీ శరీరమంతా ఒకే పదార్థమన్నట్టు తయారు చేసినవి. ఎముక, ఊపిరితిత్తి, కండరం కిరణాన్ని ఒకే తీరుగా పీల్చుకోవు కదా, మరి లోపల ఎక్కడ ఎంత పీల్చుకుంటుందో బయటి కొలతలతో కనిపెట్టడం ఎలా అన్న ప్రశ్న ఆయనకు ఆ గదిలోనే తట్టింది. ఆ వెతుకులాటే ఆయనను సీటీ గణితం దాకా తీసుకువెళ్లింది. ఇప్పుడు మనం రోగనిర్ధారణ సాధనంగా చూసే స్కాను ఆయన మనసులో మొదట రేడియేషన్ ప్లానింగ్ అవసరంగా పుట్టిందన్నమాట. 1963, 1964లలో ఆయన అచ్చువేసిన వ్యాసాలను దాదాపు ఎవరూ పట్టించుకోలేదు. 1979లో గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్‌తో కలిపి ఆయనకు నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఆ ఒకటిన్నర రోజు లేకపోతే ఆ ప్రశ్న ఆయనకు తట్టేదా? తట్టేది కాదనే నా నమ్మకం. నువ్వు చేయబోయే కాంటూరింగ్ పనికీ ఇదే వర్తిస్తుంది. తల, మెడ క్యాన్సర్‌కు ఏడు వారాల చికిత్సలో 35 రోజులు రేడియేషన్ ఇస్తాం. మూడో వారం దాటేసరికి రోగి మింగలేక చిక్కిపోతాడు. తల కదలకుండా తొడిగే మాస్కు, మొదటి రోజు ముఖానికి బిగుతుగా పట్టినది, వదులవుతుంది. చెవి కింద ఉండే పరోటిడ్ అనే లాలాజల గ్రంథి కుంచించుకుపోయి లోపలికి, అంటే ఎక్కువ డోసు పడే వైపుకి జరుగుతుంది. మొదటి రోజు సీటీ మీద ఎంత చక్కగా గీసిన కాంటూరైనా ఆ రోజుకు పాతబడినట్టే. ఈ మార్పును కోన్‌బీమ్ సీటీలో (చికిత్స మంచం మీదే తీసే స్కానులో) రోజూ చూసే మనిషి అడిగే ప్రశ్న, దించుకున్న ఫైళ్ల ముందు కూర్చున్న మనిషికి రాదు.

ఇమేజింగ్ పరిశోధకుడు, గచ్చిబౌలి:

సర్, మీ అనుభవం మీద నాకు గౌరవం ఉంది. అయినా కార్మాక్ కథ మీ వాదనకు ఎంత బలమో నా వాదనకూ అంతే బలం. ఆయనకు ప్రశ్న ఆసుపత్రిలో తట్టిందన్నది నిజం. దానికి జవాబు వెతికింది మాత్రం ఆసుపత్రి వదిలి వచ్చాకనే. అల్యూమినియం స్థూపం చుట్టూ చెక్క వలయం అమర్చి, కోబాల్ట్ కిరణంతో కొలిచి చూస్తే, మధ్యలోని కొన్ని కొలతలు కాస్త తేడాగా వచ్చాయి. వర్క్‌షాపులో ఆరా తీస్తే, ఆ స్థూపం నడుమ కిరణాన్ని కొద్దిగా తక్కువ పీల్చుకునే వేరే మేకు ఉందని తేలింది. అంత చిన్న తేడాను పట్టించుకోవడానికి తీరిక కావాలి, తొందరపెట్టేవారు ఉండకూడదు. ఇక హౌన్స్‌ఫీల్డ్ ఆసుపత్రి మనిషే కారు, ఈఎంఐ కంపెనీ ఇంజనీరు. 1971 అక్టోబరు 1న లండన్‌లోని అట్కిన్‌సన్ మోర్లీ ఆసుపత్రిలో మొదటి రోగికి స్కాను తీసింది ఆయన యంత్రంతోనే. ఈ రోజు కాంటూరింగ్ ప్రోగ్రాములు చాలావాటికి ఆధారమైన యూ-నెట్ అనే కంప్యూటర్ నమూనా కూడా 2015లో జర్మనీలోని ఫ్రైబుర్గ్ కంప్యూటర్ సైన్స్ విభాగం నుంచే వచ్చింది.

మన ఊళ్లో ఫిజిసిస్టు రోజు ఎలా గడుస్తుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. పొద్దున్నే లినాక్ (రేడియేషన్ ఇచ్చే యంత్రం) అవుట్‌పుట్ చూడాలి, లేజర్లు సరిచూడాలి. పగలంతా ప్లాన్లు చేయాలి. ఆఖరి రోగి దిగాక, రాత్రి, మరుసటి రోజు మొదలయ్యే ప్లాన్లకు ఫ్యాంటమ్ (రోగి శరీరానికి బదులు వాడే నమూనా) పెట్టి క్యూఏ, అంటే నాణ్యత తనిఖీ, చేయాలి. మధ్యలో యంత్రం ఆగితే అన్నీ పక్కకు పోతాయి. అక్కడ పరిశోధనకు మిగిలేది అలసిపోయిన మెదడే. తెలివైన మిత్రులు ఏటా సదస్సులో ఒక పోస్టరుతో సరిపెట్టుకుని, చివరకు అదీ మానేయడం చూశాను. అందుకే ఈ అమ్మాయికి నా సలహా పూర్తికాలపు పీహెచ్‌డీనే. ఆసుపత్రికి తరువాత వెళ్లవచ్చు.

రేడియోథెరపీ టెక్నాలజిస్ట్, ఎల్బీనగర్:

మేడమ్, ఒక్క మాట. రేడియేషన్ తీసుకోవడాన్ని రోగులు కరెంటు పెట్టించుకోవడం అంటారే, ఆ గదిలో రోజంతా నిలబడేది మేము. కోన్‌బీమ్ తీసి, ప్లానింగ్ సీటీతో కలిపి చూసి, మంచం రెండు మిల్లీమీటర్లు జరపాలా వద్దా అన్నది రోగి మాస్కు కింద ఊపిరి బిగబట్టి పడుకుని ఉండగానే తేల్చాలి. ప్రయోగశాలల నుంచి వచ్చే ప్రోగ్రాములు చిత్రాన్ని అందంగా చూపిస్తాయి గానీ, ఆ రెండు మూడు నిమిషాల్లో మాకు ఏది కనబడాలో అడిగినవారు నాకు ఇంతవరకు తారసపడలేదు. మీరు ఎటు వెళ్లినా ఒకసారి యంత్రాన్ని నడిపే మా కన్సోల్ దగ్గర కూర్చోండి.

రేడియేషన్ ఆంకాలజిస్ట్, బంజారాహిల్స్:

ఈ చర్చలో డేటా సంగతి ఎవరూ ఎత్తలేదు. నా దృష్టిలో అసలు చిక్కు అక్కడే ఉంది. ప్రయోగశాలల్లో పని చేసేవారికి తేలికగా దొరికేవి ప్రపంచానికి తెరిచి ఉంచిన చిత్రాల భాండాగారాలు. వాటిలో అధిక భాగం పాశ్చాత్య దేశాల రోగులవి. వారి తల, మెడ క్యాన్సర్లలో గొంతు వెనుక భాగానివి ఎక్కువ. మా ఓపీలో గుట్కా, ఖైనీ బుగ్గన పెట్టుకున్నవారికి వచ్చే బుగ్గ లోపలి క్యాన్సర్లు ఎక్కువ. ఉత్తరాంధ్ర పల్లెల నుంచి వచ్చే పెద్దవయసు ఆడవారిలో, చుట్టను నిప్పు నోటి లోపలికి పెట్టుకుని తాగే అడ్డపొగ అలవాటు వల్ల అంగిలికి క్యాన్సర్ వస్తుంది. శస్త్రచికిత్సలో దవడ సగం తీసి, తొడ కండతో పూడ్చిన నోటి సీటీని బయటి డేటా మీద నేర్చుకున్న ప్రోగ్రాముకు ఇస్తే, ఆ కండను ఏమనుకోవాలో దానికి తెలియదు.

కొలమానాల సంగతి కూడా చెప్పాలి. ప్రోగ్రాము గీతకూ డాక్టరు గీతకూ ఎంత పోలిక ఉందో డైస్ స్కోరుతో చెబుతారు. కాలేయం వంటి పెద్ద అవయవానికి అంచు అటూ ఇటూ తప్పినా స్కోరు బాగానే వస్తుంది. కంటి నరం సన్నగా ఉంటుంది, రెండు స్లైసుల్లో (స్కాను పొరల్లో) గీత తప్పితే చూపు పోయే ప్రమాదం ఉంది. స్కోరు 0.9 అని వ్యాసంలో రాసినంత మాత్రాన ఆ గీత మీద నేను సంతకం పెట్టలేను.

రేడియోమిక్స్ సంగతీ గుర్తు చేసుకోవాలి. కణితి చిత్రంలోని సూక్ష్మ లక్షణాలతో రోగి భవిష్యత్తు చెప్పవచ్చని 2014లో వచ్చిన ఒక వ్యాసం ఎంతో పేరు తెచ్చుకుంది. 2019లో టొరంటో పరిశోధకులు తరచి చూస్తే, ఆ సూచిక చెబుతున్నది చాలావరకు కణితి ఘనపరిమాణమేనని తేలింది. పెద్ద కణితి ఉన్న రోగి పరిస్థితి కష్టమని మా హౌస్‌సర్జనుకూ తెలుసు. దాన్ని బయటపెట్టిన పని కూడా పరిశోధనే, చాలా విలువైన పరిశోధన. ఇలాంటి అనుమానం రావాలంటే రోగులను చూసిన కళ్లు కావాలి.

ఇమేజింగ్ పరిశోధకుడు, గచ్చిబౌలి:

డాక్టరు గారూ, డేటా గురించి మీరు చెప్పిన ప్రతి మాటా నిజమే. అయితే ఆ లోటు ఎవరి వల్ల? ఎథిక్స్ కమిటీకి దరఖాస్తు పెట్టి, రోగి పేరు, నంబరు తొలగించి చిత్రాలు ఇస్తామన్నా, నెలల తరబడి ఫైలు కదలని ఆసుపత్రులు ఉన్నాయి. వైద్యంలో కృత్రిమ మేధ పరిశోధనకు 2023లో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) నైతిక మార్గదర్శకాలు ఇచ్చింది. దారి ఉంది, నడిచేవారే తక్కువ. ప్రయోగశాల రోగికి దూరమైందని అనే ముందు, తలుపు ఎటువైపు నుంచి మూసి ఉందో కూడా చూడమని మనవి. పైగా ఆ టొరంటో పని చేసినవారికి దాని మీద కూర్చునే సమయం ఎవరో ఇచ్చే ఉంటారు.

మెడికల్ ఫిజిక్స్ విద్యార్థిని, హైదరాబాద్:

అందరికీ కృతజ్ఞతలు. అయితే ఒక సందేహం. ప్రయోగశాలలో చేరి, వారానికి ఒకటి రెండు రోజులు ఆసుపత్రిలో ఉండే ఏర్పాటు అడిగితే ఇస్తారా? అడిగేటప్పుడు ఏం అడగాలి?

సీనియర్ ఫిజిసిస్ట్, రెడ్‌హిల్స్:

అమ్మా, గచ్చిబౌలి మిత్రుడు సమయం గురించి చెప్పినదాన్ని నేను కాదనను. రాత్రి క్యూఏ ముగించుకుని ఇంటికి వెళ్లే మనిషిని వ్యాసం రాయమనడం అన్యాయం. అలాగని ముందు నాలుగైదేళ్లు ప్రయోగశాల, తరువాత ఆసుపత్రి అన్న వరుసకు నేను ఒప్పుకోను. అలవాట్లు మొదటి ఏళ్లలోనే పడతాయి. ప్రోగ్రాము రాసేవారూ వాడేవారూ ఒకరికొకరు తెలియకపోతే ఏమవుతుందో చెప్పడానికి పనామా ఉదంతం ఉంది. 2000, 2001లలో అక్కడి క్యాన్సర్ సంస్థలో, ప్లానింగ్ సాఫ్ట్‌వేరు అనుమతించిన నాలుగింటి కంటే ఎక్కువ షీల్డింగ్ బ్లాకులు (కిరణాన్ని అడ్డుకునే దిమ్మెలు) అవసరమై, సిబ్బంది వాటన్నిటినీ ఒకే బ్లాకుగా లోపలికి ఎక్కించే ఉపాయం కనిపెట్టారు. సాఫ్ట్‌వేరు వద్దనలేదు, హెచ్చరించనూ లేదు, చికిత్స సమయాన్ని తప్పుగా లెక్కగట్టింది. కొందరికి దాదాపు రెట్టింపు డోసు పడింది. 28 మంది రోగులు దీని బారిన పడ్డారు, వారిలో పలువురు చనిపోయారు. చేత్తో ఒక్కసారి సరిచూసి ఉంటే దొరికిపోయే తప్పు అది. డాక్టర్లకు అయిదో బ్లాకు కావాలనిపిస్తుందని సాఫ్ట్‌వేరు రాసినవారికి ముందే తెలిసి ఉంటే?

నీ సందేహానికి జవాబు: అడుగు, తప్పకుండా అడుగు. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలోనూ కంది ఐఐటీలోనూ వైద్య చిత్రాల మీద పని జరుగుతోంది. క్యాన్సర్ ఆసుపత్రులేమో నగరం నడుమనే ఉన్నాయి. ఈ రెండూ ఇంత దగ్గరలో ఉండటం అన్ని నగరాలకూ దక్కే అదృష్టం కాదు. పీహెచ్‌డీలో చేరేటప్పుడే ఆసుపత్రి నుంచి ఒక ఫిజిసిస్టునో ఆంకాలజిస్టునో సహ మార్గదర్శకులుగా పెట్టమని కాగితం మీద రాయించుకో. వారానికి రెండు రోజులు ఆసుపత్రిలో ఏ పని చేస్తావో కూడా అందులో ఉండాలి. ప్లాన్ రివ్యూలో కూర్చోవడం, కోన్‌బీమ్ చిత్రాలు చూడటం, ఫిజిసిస్టు పక్కన నిలబడి క్యూఏ కొలవడం రాయించు. ఖాళీగా ఉన్నావని రిజిస్టర్లు నింపే పని అప్పగించకుండా ఆ కాగితమే అడ్డుపడుతుంది. టీఎల్‌డీ బ్యాడ్జీ (నీ ఒంటికి తగిలే రేడియేషన్‌ను కొలిచే బ్యాడ్జీ) ఎవరి పేరు మీద వస్తుందో, డేటా అనుమతికి ఎవరు దరఖాస్తు పెడతారో ముందే తేల్చుకో. ఆర్ఎస్ఓ పరీక్ష మాత్రం వాయిదా వేయకు, ఇంటర్న్‌షిప్‌లో నేర్చుకున్నది తాజాగా ఉన్నప్పుడే రాయి. ఆసుపత్రి వైపు నుంచి ఉత్తరం కావాలంటే మా విభాగంలో నేను అడిగి చూస్తాను. సోమవారం మధ్యాహ్నం ప్లాన్ రివ్యూ ఉంటుంది, నీ మార్కుల పత్రాలతో రా.