కీమో నడుస్తున్న అమ్మకు అన్నం, పాలు మాన్పించాలా?

శ్రావణి (విజయనగరం):
అమ్మకు 58 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయింది, ఇప్పుడు కీమో ఇస్తున్నారు. క్యాన్సర్‌కు చక్కెరే మేత అని చెప్పే వీడియో ఒకటి మా పెదనాన్న గారు పంపారు. అది చూసినప్పటి నుంచి అమ్మ అన్నం, పాలు, అరటిపండు ముట్టుకోవడం లేదు. పొద్దున బీట్‌రూట్ రసం, సాయంత్రం పచ్చి గోధుమగడ్డి రసం, అంతే. 54 కిలోలు ఉండేది, 48కి వచ్చింది. పెదనాన్న గారు ప్రేమతోనే చెబుతున్నారు, ఆయన మాట కాదనాలంటే నా దగ్గర గట్టి కారణం ఉండాలి. దయచేసి తెలిసినవారు చెప్పండి.

ఆహార నిపుణురాలు:
శ్రావణి గారూ, ముందు ఈ పూటే అమ్మగారికి అన్నం పెట్టండి. కారణం తరువాత చదవవచ్చు.

కణితి కణాలు గ్లూకోజును విపరీతంగా వాడుకుంటాయని జర్మన్ శాస్త్రవేత్త ఓటో వార్‌బర్గ్ 1920లలోనే గమనించారు. అది నిజం. ఒంట్లో క్యాన్సర్ ఎక్కడుందో చూపే పెట్ స్కాన్ పనిచేసేది కూడా ఆ గుణం మీదే. అయితే మనం తినడం మానేసినంత మాత్రాన రక్తంలో గ్లూకోజు ఆగిపోదు. మెదడుకు, ఎర్ర రక్తకణాలకు అది కావాలి కాబట్టి, కాలేయం కండరాల్లోని మాంసకృత్తులను వాడుకుని మరీ తయారు చేస్తుంది. ఉపవాసం వల్ల కరిగేది కణితి కాదు, అమ్మగారి కండ. ఇలా బరువు పడిపోతే కీమో మోతాదు తగ్గించవలసి రావచ్చు, వాయిదా కూడా పడవచ్చు. నా వార్డులో నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే: మందు పనిచేస్తున్న మనిషి తిండి లేక నీరసించిపోవడం.

కీమో సమయంలో కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు అవసరం. అమ్మగారికి సుమారు 50 నుంచి 70 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములే, రసాల్లో దాదాపు ఏమీ ఉండదు. మెత్తని పప్పన్నం, పెరుగన్నం, బాగా ఉడికిన గుడ్డు, కారం తగ్గించిన చేపల పులుసు, పాలు కలిపిన రాగిజావ పెట్టండి. ఒకేసారి కంచం నిండా కాకుండా రెండేసి గంటలకు కొంచెం కొంచెంగా ఇవ్వండి. నోరు పూస్తే చల్లారిన తరువాత తినిపించండి. పచ్చి రసాలు ఆపేయండి, తెల్ల రక్తకణాలు తగ్గినప్పుడు వాటితో ఇన్ఫెక్షన్ రావచ్చు. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే తెల్లవారే దాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

సముద్రతీరం (శ్రీకాకుళం):
అంటే తిండికీ క్యాన్సర్‌కూ సంబంధమే లేదంటారా మేడమ్? మా వైపు అడ్డపొగ (చుట్ట వెలిగించిన కొసను నోట్లో పెట్టుకుని) తాగే ఆడవాళ్లకు అంగిలి క్యాన్సర్ రావడం చూస్తూనే ఉన్నాం.

ఆహార నిపుణురాలు:
సంబంధం ఉందండి. పొగాకు, వక్క, మద్యం క్యాన్సర్ కారకాలని తేలినవే. సాసేజ్, బేకన్ లాంటి నిల్వ మాంసాన్ని కూడా ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015లో అదే జాబితాలో చేర్చింది. కానీ అదంతా జబ్బు రాకముందు పాటించవలసిన జాగ్రత్త. వచ్చిన జబ్బును ఏ ఆహారమూ నయం చేయదు. ఈ రెండింటినీ కలిపేసి చెప్పే వీడియోల వల్లే కుటుంబాలు నలిగిపోతున్నాయి.

శ్రావణి:
చాలా కృతజ్ఞతలు మేడమ్. పెదనాన్న గారికి మీ జవాబు చదివి వినిపించాను. చేపలు తానే తెస్తానన్నారు. ఒక్క సందేహం, అమ్మకు షుగరు జబ్బు కూడా ఉంది. మరి అన్నం పెట్టవచ్చా?

ఆహార నిపుణురాలు:
పెట్టవచ్చు. అన్నం కొంచెం తగ్గించి పప్పు, కూర పెంచండి. కీమోతో పాటు స్టెరాయిడ్ ఇస్తుంటే ఆ రోజుల్లో షుగరు బాగా పెరుగుతుంది. ఇంట్లోనే పరీక్షించి ఆ అంకెలు రాసిపెట్టి డాక్టరు గారికి చూపించండి. తిండి మాన్పించకుండా షుగరు మందు మోతాదు సరిచేస్తారు.