ఆర్జినేజ్ గురించి తెలిసినవాళ్లు ఒకసారి ఇటు రండి (రిపోర్టు, సికిల్ సెల్, ఆర్జినిన్ పొడి)

సందేహాల పుట్ట:
మా తమ్ముడికి సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి తేలిగ్గా చిట్లిపోయే జబ్బు) ఉంది. ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ప్రెషర్ పెరిగినట్టుందని ఈమధ్య ఎకోలో తేలింది. డాక్టరుగారు అమైనో ఆమ్లాల పరీక్ష కూడా రాస్తే ఆర్జినిన్ తక్కువ, ఆర్నిథిన్ ఎక్కువ వచ్చింది. "ఎర్ర కణాలు పగిలి ఆర్జినేజ్ బయటికొస్తోంది" అన్నారు. బయట పేషెంట్లు చాలామంది ఉండటంతో ఇంకేమీ అడగలేకపోయాను. ఈ ఎంజైమ్ లివర్‌లో ఉండేది కదా, రక్తంలో దానికేం పని? ఆర్జినిన్ పొడి తాగిస్తే లోటు తీరుతుందా? కాస్త టెన్షన్‌గా ఉంది.

ల్యాబ్ మనిషి:
రిపోర్టు కింద "హీమోలైజ్డ్ శాంపిల్" అని ఏమైనా రాశారేమో ముందు చూడండి. ఆర్జినేజ్ ఎర్ర కణాల్లో కూడా ఉంటుంది. రక్తం తీసేటప్పుడు కణాలు చిట్లినా, ప్లాస్మా వేరు చేయడం ఆలస్యమైనా ట్యూబ్‌లోనే ఆర్జినిన్ కరిగిపోయి ఆర్నిథిన్ పెరుగుతుంది. అంకెలు అచ్చం మీవాటిలాగే వస్తాయి. ప్లాస్మా గులాబీ రంగులో ఉంటే మేం ఈ పరీక్షకి మళ్లీ శాంపిల్ అడుగుతాం. సికిల్ సెల్‌లో చిక్కేమిటంటే కణాలు ఒంట్లోనూ చిట్లుతుంటాయి, కాబట్టి రంగు చూసి మాత్రమే తేల్చలేం.

మాక్రోఫేజ్:
పరిశోధన విద్యార్థిని, డాక్టర్ని కాను. తెలిసినంత చెబుతా.

ఆర్జినేజ్ పని ఒక్కటే: ఆర్జినిన్‌ని ఆర్నిథిన్‌గా, యూరియాగా విడగొట్టడం. 1932లో క్రెబ్స్, హెన్సెలైట్ కనిపెట్టిన యూరియా చక్రంలో (లివర్ అమోనియాని యూరియాగా మార్చే దారి) చివరి మెట్టు ఇదే. ఇందులో రెండు రకాలున్నాయి. మొదటిది ఎక్కువగా లివర్‌లో, రెండోది కిడ్నీ లాంటి చోట్ల మైటోకాండ్రియాలో ఉంటుంది. ఎర్ర కణాల్లో ఉండేది మొదటి రకమే.

గొడవ ఎక్కడొస్తుందంటే, రక్తనాళాలు సాగడానికి కావలసిన నైట్రిక్ ఆక్సైడ్ తయారయ్యేది కూడా ఆర్జినిన్ నుంచే. ఒకే ముడిసరుకు కోసం రెండు ఎంజైమ్‌లు పోటీ పడతాయి. కణాలు పగిలి ఆర్జినేజ్ ప్లాస్మాలోకి వస్తే ఆర్జినిన్ అటే పోతుంది. అది చాలదన్నట్టు, అదే పగుళ్లలో బయటపడ్డ హీమోగ్లోబిన్ తయారైన కాస్త నైట్రిక్ ఆక్సైడ్‌నీ పీల్చేస్తుంది. సికిల్ సెల్ ఉన్నవాళ్లలో ఆర్జినిన్, ఆర్నిథిన్ నిష్పత్తి తగ్గడానికీ, ఊపిరితిత్తుల ప్రెషర్‌కీ, మరణాలకీ సంబంధం ఉందని 2005లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చింది. మీ డాక్టరుగారు ఈ పరీక్ష రాసింది ఊరికే కాదన్నమాట.

జిమ్ బాబు:
పొడి సంగతి నేను చెబుతా. వ్యాయామానికి ముందు ఆర్జినిన్ వాడాను. కండరాల్లో తేడా ఏమీ తెలియలేదు గానీ కడుపు మాత్రం అతలాకుతలమైంది. సిట్రులిన్ అనే ఇంకో అమైనో ఆమ్లానికి మారాక ఆ బాధ లేదు. అయినా తక్కువైనదాన్ని బయటినుంచి ఇస్తే నష్టమేంటి?

మాక్రోఫేజ్:
జిమ్ బాబుగారూ, నోటితో తీసుకున్న ఆర్జినిన్‌లో చాలా భాగాన్ని పేగు గోడలోనూ లివర్‌లోనూ ఉన్న ఆర్జినేజే తినేస్తుంది. సిట్రులిన్ అక్కడ తప్పించుకుని కిడ్నీకి చేరి, అక్కడ ఆర్జినిన్‌గా మారుతుంది.

నష్టం గురించి అడిగారు కాబట్టి: గుండెపోటు వచ్చినవాళ్లకి రోజుకి మూడుసార్లు 3 గ్రాముల చొప్పున ఆర్జినిన్ ఇచ్చి చూసిన పరీక్ష ఒకటి 2006లో వచ్చింది. మొత్తం 153 మంది. ఆర్జినిన్ తీసుకున్నవాళ్లలో 6 మరణాలు, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లలో ఒక్కటీ లేదు. రక్తనాళాల గట్టిదనం కూడా తగ్గలేదు. మధ్యలోనే ఆపేశారు. సికిల్ సెల్ వేరే కథ. నొప్పి ఎక్కువై ఆస్పత్రిలో చేరిన పిల్లలకి ఆర్జినిన్ ఇస్తే ఓపియాయిడ్ (మార్ఫిన్ లాంటి బలమైన నొప్పి) మందుల అవసరం తగ్గిందని 2013లో ఒక చిన్న పరీక్షలో తేలింది. అదంతా డాక్టర్ల కళ్లముందు జరిగింది. డబ్బా కొని ఇంట్లో కలిపి తాగించడం అలాంటిది కాదు.

బుజ్జిగాడి అమ్మ:
అందరూ ఆర్జినేజ్‌ని విలన్ చేస్తున్నారు. మా వాడికి అది పుట్టుకతోనే లేదు. మునివేళ్ల మీద నడవడం, కాళ్లు బిగుసుకుపోవడం చూసి చాలాకాలం సెరిబ్రల్ పాల్సీ అనుకున్నారు. వేరే యూరియా చక్రం జబ్బుల్లోలాగా అమోనియా మరీ ఎక్కువ లేకపోవడంతో ఎవరికీ అనుమానం రాలేదు. చివరికి అమైనో ఆమ్లాల పరీక్షలోనే ఆర్జినిన్ బాగా ఎక్కువని బయటపడింది. ఇప్పుడు ప్రొటీన్ కొలిచి పెడుతున్నాం, ప్రత్యేక ఫార్ములా, నైట్రోజన్‌ని బయటికి పంపే మందు ఇస్తున్నాం. పెగ్‌జిలార్జినేజ్ అని, మాంగనీస్ బదులు కోబాల్ట్ పెట్టి తయారుచేసిన ఆర్జినేజ్‌నే వారానికోసారి ఇంజెక్షన్‌గా ఇస్తారు. 2023 డిసెంబరులో యూరప్‌లో అనుమతి వచ్చింది. మా వాడికి ఇంకా అందలేదు.

పిల్లికూతలు:
నాకు చిన్నప్పటినుంచీ ఆస్తమా. అందులోనూ ఆర్జినేజ్ పెరుగుతుందని చదివాను. దాన్ని ఆపే మందు ఉంటే ఇన్‌ఫ్లమేషన్ తగ్గదా?

మాక్రోఫేజ్:
ఆస్తమా తెప్పించిన ఎలుకల ఊపిరితిత్తుల్లో ఆర్జినేజ్ బాగా పెరుగుతుందని 2003లోనే చూపించారు. ఇంటర్‌ల్యూకిన్ 4, 13 అనే సంకేతాలు అందితే ఎలుక మాక్రోఫేజ్‌లు (ఒక రకం రోగనిరోధక కణాలు) దాన్ని విపరీతంగా తయారుచేస్తాయి. ఆర్నిథిన్ నుంచి వచ్చే ప్రోలిన్ కొల్లాజెన్‌కి పనికొస్తుంది కాబట్టి గాయం మానడానికి అది మంచిదే, అతి అయితే శ్వాసనాళం గోడ మందమవుతుంది. కానీ మనుషుల మాక్రోఫేజ్‌లు అంత తేలిగ్గా ఆ దారి పట్టవు. మనలో ఆ ఎంజైమ్‌ని గుళికల్లో దాచుకునేవి న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు. అవి దాన్ని వదిలితే చుట్టూ ఆర్జినిన్ అయిపోయి టీ కణాలు (క్యాన్సర్ లాంటివాటితో పోరాడే ఇంకో రకం తెల్ల కణాలు) చతికిలబడతాయి. క్యాన్సర్ గడ్డల చుట్టూ ఇదే జరుగుతుందని, అడ్డుకునే మందుల్ని రోగుల మీద పరీక్షించారు. బుజ్జిగాడి అమ్మగారు చెప్పింది చదివాక ఇబ్బంది ఎక్కడో మీకే అర్థమై ఉంటుంది: మందు లివర్‌లోని ఆర్జినేజ్‌ని ముట్టుకోకూడదు. ఎలుకల ఫలితాలు చూసి ఇన్‌హేలర్ మాత్రం పక్కన పెట్టకండి.

సందేహాల పుట్ట:
రిపోర్టు మళ్లీ చూశాను. హీమోలైసిస్ గురించి ఏమీ రాయలేదు. శాంపిల్ మాత్రం వేరే ల్యాబ్‌కి పంపారట. డాక్టరుగారికి ఫోన్ చేస్తే ఇంకోసారి చేయిద్దాం, పొడి వద్దు అన్నారు. ల్యాబ్ మనిషిగారూ, ఈసారి ఏం జాగ్రత్త తీసుకోమని అడగాలి?

ల్యాబ్ మనిషి:
ఎంతసేపు ఏమీ తినకుండా రావాలో ముందే కనుక్కోండి. తీసిన ట్యూబ్‌ని ఐస్‌లో పెట్టి, అక్కడే వెంటనే ప్లాస్మా వేరు చేసి, ఫ్రీజ్ చేసి పంపమనండి. రక్తం రక్తంగానే ప్రయాణం చేయకూడదు. ఈమధ్య రక్తం ఎక్కించి ఉంటే ఆ తేదీ కూడా ఫారమ్‌లో రాయించండి.