నిహిలిజం తర్వాత నీతి, విశ్వాసం: వాదన ఎక్కడ తప్పుతోంది?

చదువరి
"దేవుడు లేడు, కాబట్టి ఏదీ తప్పు కాదు" అన్న మాట నీతి గురించిన ప్రతి వాదనలోనూ ఎదురవుతోంది. దీన్నే నిహిలిజం అంటున్నారు. ఇది నిజంగా నీతిని, విశ్వాసాన్ని ఎక్కడ తాకింది? ఏది ముందు చదవాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

పదమూలం
ముందు పేరు దగ్గరే జాగ్రత్త పడాలండి. నిహిలిజాన్ని తెలుగులో శూన్యవాదం అని రాసేస్తున్నాం. బౌద్ధ తత్వవేత్త నాగార్జునుడి శూన్యవాదం అది కాదు. ఆయన గ్రంథం మూలమధ్యమకకారిక 24వ ప్రకరణం తీయండి. ప్రత్యర్థి ఈ నిందే వేస్తాడు: అంతా శూన్యమైతే ఆర్యసత్యాలు నాలుగూ పోయాయి, ధర్మం పోయింది, సంఘం పోయింది, బుద్ధుడూ పోయాడు అని. నాగార్జునుడు దాన్ని తిప్పికొడతాడు. వస్తువుకు మారని స్వభావం ఉంటే దుఃఖం పుట్టేదీ లేదు, పోయేదీ లేదు. శూన్యం, అంటే అలాంటి స్వభావం లేదు కాబట్టే సాధనకు చోటుంది. శూన్యతను తప్పుగా అర్థం చేసుకుంటే పామును పట్టరాని చోట పట్టినట్టేనని 11వ కారిక. "ఏమీ లేదు" అనే వాదానికి బౌద్ధంలో ఉచ్ఛేదవాదం అని వేరే పేరుంది. ఈ రెంటినీ కలిపేస్తే చర్చ మొదట్లోనే దారి తప్పుతుంది.

నాస్తికత్వం కూడా వేరే సంగతి. దేవుణ్ణి కాదన్నవారు నీతిని గట్టిగా పట్టుకుని ఉండొచ్చు.

లాంతరు
సరిగ్గా ఆ నాస్తికుల కోసమే జర్మన్ తత్వవేత్త నీషే రాశాడు. 1882 నాటి 'ది గే సైన్స్' 125వ ఖండిక చూడండి. పట్టపగలు లాంతరు వెలిగించుకుని పిచ్చివాడొకడు సంతలోకి పరుగెత్తుకొచ్చి దేవుడి కోసం వెతుకుతాడు. నవ్వేది ఎవరు? భక్తులు కాదు, దేవుణ్ణి నమ్మనివాళ్లు. ఈ ఒక్క వివరం వదిలేసి చదివేవాళ్లే ఎక్కువ. దేవుణ్ణి మనమే చంపాం, కానీ ఆ పని ఎంత పెద్దదో చేసినవాళ్లకే ఇంకా అందలేదన్నది వాడి ఆక్రోశం. వాళ్లు నోరెళ్లబెట్టి చూస్తుంటే లాంతరు నేలకేసి కొట్టి, నేను మరీ ముందొచ్చానంటాడు.

దేవుణ్ణి వదిలి క్రైస్తవ నీతిని మాత్రం అట్టే పెట్టుకున్నవాళ్ల మీద 'ట్విలైట్ ఆఫ్ ది ఐడల్స్'లో నేరుగా విరుచుకుపడతాడు. అందుకే నా అభిప్రాయం: నిహిలిజం జనాన్ని చెడ్డవాళ్లను చేసిందనడం తప్పు. హక్కు, గౌరవం, కర్తవ్యం అనే మాటలు అలాగే నడుస్తున్నాయి. ఎందుకని అడిగినప్పుడే జవాబు తడబడుతోంది.

తర్కరేఖ
చదువరి గారు రాసిన వాక్యంలో "కాబట్టి" కింద గీత గీయండి. అక్కడ రెండు దూకుళ్లు ఉన్నాయి.

మొదటిది, దేవుడు లేకపోతే నీతికి ఆధారం లేదనడం. దేవతలు ఇష్టపడ్డారు కాబట్టి అది మంచా, మంచిది కాబట్టి ఇష్టపడ్డారా అని ప్లేటో రాసిన 'యూథిఫ్రో' సంభాషణలో సోక్రటీస్ అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఆ అడుగు వేయలేం.

రెండోది ఇంకా సూక్ష్మం. నీతి సత్యాలే లేవనుకుందాం. అప్పుడు "ఇది తప్పు" ఎలా నిలవదో, "ఇది చేయొచ్చు" కూడా అలాగే నిలవదు. అనుమతి కూడా నీతి తీర్పే. 1977లో తత్వవేత్త జె.ఎల్. మాకీ తన 'ఎథిక్స్' పుస్తకాన్ని వస్తుగత విలువలు (మన ఇష్టాయిష్టాలతో పనిలేకుండా నిలిచే విలువలు) లేవన్న మాటతోనే మొదలుపెట్టాడు. అయినా అదే పుస్తకంలో మనుషులు కలిసి బతకడానికి ఎలాంటి నీతి కట్టుకోవాలో చర్చించాడు. అందులో వైరుధ్యం లేదు.

"నీతులు దేశానికొకటి, కాబట్టి అన్నిటినీ సహించాలి" అనేదీ ఇలాగే కూలుతుంది. "సహించాలి" అన్నది అందరికీ వర్తించే నీతి సూత్రమే కదా.

విశ్వాసి
విశ్వాసం వైపు చూస్తే, క్రైస్తవ వేదాంతి పాల్ టిల్లిక్ 1952లో 'ది కరేజ్ టు బి' పుస్తకంలో మూడు ఆందోళనలు విడదీశాడు: విధి-మరణం, అపరాధం-శిక్ష, శూన్యత-అర్థరాహిత్యం. మూడూ ఎప్పుడూ ఉంటాయి, కాలాన్ని బట్టి ఒకటి పైకొస్తుంది. మన కాలానిది మూడోది. పాపక్షమాపణ గురించిన బోధ అర్థరాహిత్యంతో నలిగేవాడికి ఎందుకు అందదో దీన్నిబట్టి తెలుస్తుంది. వాడు అడిగింది క్షమాపణ కాదు. టిల్లిక్ ప్రకారం సందేహం విశ్వాసంలో భాగమే, దానికి శత్రువు కాదు.

లాంతరు
ఒప్పుకుంటాను. కానీ ఆ సందేహం బయటినుంచి వచ్చింది కాదు. పాపాలు ఒప్పుకునే ఆచారంలో మనసును తరచి చూసే అలవాటే పదునెక్కి శాస్త్రీయ మనస్సాక్షి అయిందని, చివరికి మతం మీదికే తిరిగిందని నీషే వాదన. 'ది గే సైన్స్' 357వ ఖండికలోనూ, నీతి పుట్టుక గురించి 1887లో ఆయనే రాసిన 'జీనియాలజీ' మూడో వ్యాసం చివర్లోనూ ఉంది.

ఇంకో హెచ్చరిక: 'ది విల్ టు పవర్'ను ఆయన పూర్తిచేసిన గ్రంథంగా ఉటంకించకండి. ఆయన పోయాక, 1901లో, నోటుపుస్తకాల్లోంచి ఏరి కూర్చింది అది. చదివే క్రమం 'ది గే సైన్స్'లో 125, 343, 357 ఖండికలు, తర్వాత 'జీనియాలజీ' మూడో వ్యాసం.

చదువరి
అర్థమైంది. అయితే "చేయొచ్చు" కూడా పోయాక, ఆగడానికి కారణం ఏం మిగిలింది?

తర్కరేఖ
అసలు కష్టమైన ప్రశ్న అదేనండి. ఎదుటివాడి నొప్పి మిగిలింది. విశ్వం సాక్ష్యం చెప్పకపోయినా అది నొప్పే. దాన్ని ఆపడానికి ఆ నొప్పి తప్ప వేరే కారణం కావాలా అన్నచోట మాకీ ఒకలా చెబుతాడు, విశ్వాసి గారు ఇంకోలా చెబుతారు. అక్కణ్ణుంచి వారే అందుకుంటే బాగుంటుంది.