కరంబిట్ కత్తి బత్తాయి తోటల పనికొస్తదా?

తోటకాపు, దేవరకొండ:
ఇండోనేషియా వంకర కత్తి, పిడి చివర వేలు దూర్చే రింగు ఉంటది కదా, కరంబిట్. డ్రిప్ పైపులు, సుతిలి కోసేటందుకు, బత్తాయి చెట్లకు నీరు కొమ్మలు (కాయకుండ నిటారుగ పెరిగే కొమ్మలు) తీసేటందుకు పనికొస్తదా? లారీ కమాన్ పట్టతోని (స్ప్రింగు ఉక్కు పట్టీ) మన కొలిమిలనే కొట్టించొచ్చా? అసలు అది సేద్యం పనిముట్టా, కొట్లాట కత్తా?

సిలాట్ నల్లగొండ:
రెండూ అన్నా. పశ్చిమ సుమత్రాల మినాంగ్‌కబౌ జనం కత్తి అది. వేర్లు తవ్వుడు, వరి పనుల కోసం పుట్టిందని, పులి గోరు చూసి ఆ వంపు ఇచ్చిండ్రని వాళ్లు చెప్పుకుంటరు. సిలాట్ అనే అక్కడి కొట్లాట విద్యల చేరినంక ఆయుధమైంది. ఓడ వ్యాపారంతోని మలయా, జావా, ఫిలిప్పీన్స్ దాకా పోయింది. చూపుడు వేలు రింగుల పెడితే బ్లేడు పిడికిలి కిందికెల్లి వస్తది, పదును లోపలి వంపుకు ఉంటది. ఆన్‌లైన్ల దొరికే మడత కత్తులు ఈ మధ్య వచ్చినయి, వాటిని చూసి పాతదాన్ని అంచనా వేయొద్దు.

బత్తాయి రైతు, నిడమనూరు:
లాగి కోసే పనికైతే ఇది మస్తు కత్తి. సుతిలి, నైలాన్ తాడు, గోనె సంచి కుట్టు ఒక్క గుంజుడుకు తెగుతయి. 16 మి.మీ. లాటరల్ (డ్రిప్ సన్న పైపు) కూడ తెగుతది గానీ కోత ఏటవాలుగ పడ్తది, జాయినర్ సరిగ్గ కూసోక నీళ్లు కారుతయి. పైపుకు కత్తెరే మేలు.

నీరు కొమ్మలకు మాత్రం వద్దు. వంపు కొమ్మను పట్టి గుంజితే బెరడు చీలుతది, ఆ గాయంలకెల్లి తెగులు దూరి బంక కారుడు మొదలైతది. ప్రూనింగ్ కత్తెరతోని మొదలు దగ్గర నున్నగ కొయ్యి. కాయలు తెంపేటప్పుడు కూడ వాడొద్దు, మొన తగిలిన కాయ గంపల మురుగుతది.

ఇంకోటి, రింగుల వేలు పెట్టి నిచ్చెన ఎక్కొద్దు, మోటరు బెల్టు దగ్గరికి పోవద్దు. కత్తి ఎక్కడన్న ఇరుక్కుంటే వేలు బయటికి రాదు, అక్కడికక్కడ విరుగుతది.

కొలిమి పని, నాగర్‌కర్నూల్:
కొట్టించొచ్చు తమ్మీ. విరిగిన పట్ట తేవద్దు, లోపల కంటికి కనపడని పగుళ్లుంటయి. పట్టను 4 మి.మీ. దాకా సాగదీయాలె. రింగుకు ముందు చిన్న బొక్క పొడిచి, మొన సన్నగున్న కడ్డీ దిగగొట్టి 25 మి.మీ.కు పెంచాలె. దాని అంచులు ఆకురాయితోని గుండ్రంగ రుద్దకపోతే వేలు కోసుకపోతది. అయస్కాంతం అంటని వేడి దాటినంక నూనెల ముంచాలె. నీళ్లల్ల ముంచితే లోపలి వంపు కాడ పగులుతది. తర్వాత 200 డిగ్రీల కాడ గంట చొప్పున రెండుసార్లు కాచాలె, లేకుంటే మొన పుటుక్కున విరుగుతది.

అసలు తిప్పలు పదునుతోనే. సాపు రాయి లోపలి వంపుకు ఆనదు. 20 మి.మీ. పీవీసీ పైపుకు 400 నంబరు వాటర్ పేపర్ (గరుకు కాగితం) చుట్టి, 20 డిగ్రీల వాలుల పిడి కాడికెల్లి మొనకు ఒక్క ఊపుల గుంజు. తర్వాత 800, 1500. మొన కాడ చెయ్యి లేపితే అది మొద్దువారుతది. సాన బండికి ఇయ్యకు, చక్రం వేడికి అంచు నీలంగ మారిందంటే ఉక్కు గట్టితనం పోయినట్టే.

తోటకాపు, దేవరకొండ:
అయితే తాళ్లకు, సంచులకే చేయిస్త. బ్లేడు 3 అంగుళాలు చాలా? రింగు తీసేస్తే?

కొలిమి పని, నాగర్‌కర్నూల్:
3 చాలు. రింగు లేకుంటే పిడి చివర కిందికి చిన్న కొక్కెం లెక్క వంపు ఉంచమను, తడి చెయ్యి జారదు.