ఆరేళ్ల టేకు పొడుగ్గా పోతోంది గాని లావెక్కడం లేదు, ఏం చెయ్యాలి?

ప్రశ్న: ఆనందపురం దగ్గర ఎకరంన్నర ఎర్రనేలలో రెండు మీటర్లకొకటి చొప్పున టేకు వేశాం. నా ఉద్యోగం వైజాగ్‌లో, ఆదివారాలే తోటకి వెళ్లడం. చెట్లు పొడుగ్గా లేచాయి గాని మాను సన్నగానే ఉంది, కింది కొమ్మలు ఎండిపోయి అలాగే ఉన్నాయి. యూరియా వెయ్యమని ఒకరు, కొమ్మలన్నీ నరికెయ్యమని ఇంకొకరు. నాన్నగారైతే ఒక్క చెట్టు కూడా కొట్టనివ్వరు.

జవాబు: యూరియా పక్కన పెట్టండి. ఆ ఎడంలో ఎకరానికి వెయ్యి చెట్లు పడతాయి, టేకు నీడకి అస్సలు ఓర్చుకోదు. చిన్నప్పుడు ఒత్తుగా ఉంటే మంచిదే, నిటారుగా లేస్తాయి, కలుపు తగ్గుతుంది, కానీ అయిదారేళ్లకి తలలు తగులుకున్నాక వెలుతురు కోసం అన్నీ పైకే పోతాయి, మాను ఊరదు. ఇప్పుడు పలచన చెయ్యాల్సిందే. పెద్ద తోటల్లో వరస విడిచి వరస తీసేస్తారు గాని, ఎకరంన్నరకి చెట్టు చెట్టూ చూసి తియ్యడమే మేలంటాను. సున్నం పట్టుకెళ్లి ముందు ఉంచాల్సిన వాటికి గుర్తు పెట్టండి: నిటారుగా ఉండాలి, కొన చీలకూడదు, మాను మీద గాయం ఉండకూడదు. తర్వాత వాటి తలని నొక్కేస్తున్న పక్క చెట్టుని తియ్యండి, వంకరదైతే ఎంత లావుగా ఉన్నా మొహమాటపడకండి. నీడలో బక్కచిక్కిన వాటిని మాత్రమే తీసి పలచన చేశామనుకుంటారు చాలామంది, దానివల్ల మంచి చెట్టుకి ఒరిగేదేమీ లేదు, పైన పోటీ అలాగే ఉంటుంది.

ఇంకోటి, ఒకేసారి సగం కొట్టెయ్యకండి. గుబురులో పెరిగిన సన్న మాన్లు ఒకదాని ఆసరాతో ఒకటి నిలబడి ఉంటాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ తుపానుకి మన దగ్గర చెట్లు ఎలా పడిపోయాయో చూశాం కదా. సంక్రాంతి దాటాక, ఆకు రాలే రోజుల్లో మూడోవంతు తియ్యండి, మళ్లీ తలలు కలుస్తున్నప్పుడు మరికొన్ని.

ప్రశ్న: మరి కొమ్మల సంగతి?

జవాబు: కత్తితో నరక్కండి, బెరడు చీలిపోతుంది. రంపంతో, కొమ్మ మొదట్లో ఉండే ఉబ్బుని తాకకుండా దాని పక్కనే కొయ్యండి. మోడు వదిలితే మాను దాన్ని కమ్ముకుంటూ పెరుగుతుంది, రేపు పలక కోసినప్పుడు ఎండుముడి ఊడి అక్కడ కన్నం పడుతుంది, ధర అక్కడే పోతుంది. పచ్చికొమ్మలు సన్నగా ఉన్నప్పుడే, అదీ చెట్టు ఎత్తులో కింది మూడోవంతు వరకే తియ్యండి. అంతకు మించితే తిండి తయారుచేసే ఆకు తగ్గి పెరుగుదల ఆగుతుంది, మాను పొడుగునా పిచ్చి చిగుళ్లు వస్తాయి. అవి లేతగా ఉండగానే గిల్లెయ్యండి.

ప్రశ్న: నాన్నగారిని ఎలా ఒప్పించను?

జవాబు: మొదట ఒక వంకర చెట్టు కొట్టి, ఆ మొద్దు ఆయనకి చూపించండి. టేకులో వలయాలు స్పష్టంగా కనిపిస్తాయి, లోపలివి వెడల్పుగా, బెరడు దగ్గరవి గీతల్లా ఇరుకుగా ఉంటే ఎప్పటినుంచి పెరుగుదల తగ్గిందో ఆయనే వేలు పెట్టి లెక్కేస్తారు. ఆ ఒక్కటి కొట్టడానికైనా ముందు అటవీ శాఖ వాళ్లని కలవండి, సొంత పొలమైనా చెట్టు కొట్టాలంటే అనుమతి అడిగే వాల్టా చట్టం ఉంది, కర్ర తరలించడానికి పర్మిట్ కూడా కావాలి. కొట్టిన మొద్దుల నుంచి వానలకి పిలకలు లేస్తాయి, వాటినీ తీసేస్తూ ఉండండి.