కొత్త పాత్రను ఎన్ని ఎపిసోడ్‌ల వరకు భరించాలి?

పాత టేపు
ఎనిమిదేళ్ళుగా ఒక్క వారం కూడా తప్పకుండా చూస్తున్న ధారావాహికను మొన్న మధ్యలో ఆపేశాను. ఇంకా చూస్తున్నవారికి కథ తెలిసిపోతుంది కాబట్టి పేరు చెప్పను. ఎనిమిదో సీజన్‌లో ఒక అమ్మాయిని ప్రవేశపెట్టారు. మొదటి ఎపిసోడ్‌లో తలుపు తట్టింది. రెండో ఎపిసోడ్‌కు పాతవారి రహస్యాలన్నీ ఆమె నోటిలో ఉన్నాయి. మూడో ఎపిసోడ్‌లో, ఇన్నేళ్ళుగా ఎవరికీ మనసు విప్పని కథానాయకుడు మెట్ల మీద ఆమె పక్కన కూర్చుని తన చిన్ననాటి సంగతులన్నీ చెప్పుకొన్నాడు. ఆ మాటలు వినడానికి మేము ఏడేళ్ళు కాచుకొని ఉన్నాము. కొత్త ఒక వింత, పాత ఒక రోత అంటారు గానీ నా విషయంలో ఆ సామెత పూర్తిగా తిరగబడింది. నేను అడగదలచినవి రెండు ప్రశ్నలు. కొత్త పాత్ర వచ్చాక ఎన్ని ఎపిసోడ్‌ల వరకు ఓపిక పట్టడం న్యాయం? మొదట చీదరించుకొని తరువాత ఇష్టపడిన పాత్ర మీకు ఎవరైనా ఉన్నారా?

రిమోట్ రాణి
మీకు ఒక అమ్మాయి వచ్చిందని బాధ, నాకు ఒక అమ్మాయి పోయిందని బాధ. 'స్టార్ ట్రెక్: వాయేజర్' నాలుగో సీజన్ 1997లో మొదలైనప్పుడు మొదటి ఎపిసోడ్‌లోనే సెవెన్ ఆఫ్ నైన్ అనే కొత్త పాత్ర అంతరిక్ష ఓడలోకి వచ్చింది, రెండో ఎపిసోడ్ ముగిసేసరికి కెస్ అనే పాత అమ్మాయిని సాగనంపేశారు. మూడు సీజన్ల పాటు ఆ ఓడలో మొక్కలు పెంచుతూ, డాక్టరు దగ్గర వైద్యం నేర్చుకొంటూ గడిపిన పిల్లకు దక్కిన మర్యాద అది. సెవెన్ పాత్రను చక్కగా రాశారన్న మాటను నేను కాదనను, నటించిన జెరీ రయాన్ మీద కూడా నాకు ఏ కోపమూ లేదు. ఒకరిని కూర్చోబెట్టాలంటే ఇంకొకరిని లేపాలన్న ఆ లెక్క మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. సెవెన్ ఒంటి మీది ఆ బిగుతు దుస్తులు కథ కోరితే తొడిగినవి కావని కూడా అందరికీ తెలిసిందే.

గోడమీద పిల్లి
ఓపిక సంగతి నాకు తెలియదు గానీ, ప్రేక్షకుల కోపం పనిచేస్తుందనడానికి సాక్ష్యం నా దగ్గర ఉంది. విమానం కూలి ఒక దీవిలో చిక్కుకొన్నవారి కథ 'లాస్ట్' మూడో సీజన్‌లో నికీ, పౌలో అనే ఇద్దరిని మొదటి రోజు నుంచీ ఆ తీరం మీదే ఉన్నట్లుగా తెచ్చి నిలబెట్టారు. రెండు సీజన్లు కళ్ళప్పగించి చూసిన మాకు ఆ ముఖాలు ఒక్కసారి కూడా కనిపించలేదు. తిట్లు మొదలయ్యాయి. 2007 మార్చిలో వచ్చిన ఎపిసోడ్‌లో విషపు సాలీడు కుట్టి ఇద్దరూ కదలలేని స్థితిలో పడిపోయారు, చచ్చిపోయారనుకొని మిగిలినవారు ఇసుకలో గొయ్యి తీశారు. గోతిలోకి మట్టి పడుతున్నప్పుడు నికీ కళ్ళు తెరుచుకొన్న ఆ చివరి దృశ్యాన్ని నేను నాలుగుసార్లు వెనక్కి తిప్పి చూశాను. పాపమని తెలుసు. అయినా అంత తృప్తి ఆ సీజన్‌లో నాకు మరెక్కడా కలగలేదు.

నిద్రలేని ప్రేక్షకుడు
పిల్లి గారూ, 'మొదటి నుంచీ ఉన్నట్లుగా' చేయడం తప్పు కాదు, చేతకాకుండా చేయడమే తప్పు. 2000లో 'బఫీ ది వాంపైర్ స్లేయర్' ఐదో సీజన్ తొలి ఎపిసోడ్ చివర బఫీ తన గదిలోకి వెళ్తే అక్కడ ఎన్నడూ చూడని ఒక పిల్ల నిలబడి ఉంటుంది. బయట నుంచి తల్లి, సినిమాకు వెళ్తే చెల్లిని కూడా తీసుకువెళ్ళమని కేకేస్తుంది. ఇద్దరూ ఒకే గొంతుతో అమ్మ మీద విసుక్కొంటారు, ఎపిసోడ్ అక్కడితో ఆగిపోతుంది. నాలుగు సీజన్లుగా ఒక్కతే కూతురైన బఫీకి చెల్లెలు ఎక్కడిదని నేను ఆ రాత్రి ఇద్దరు స్నేహితులకు ఫోన్ చేసి వాళ్ళను కూడా నిద్రపోనివ్వలేదు. ఆ పిల్లను మంత్రంతో సృష్టించారనీ, అందరి జ్ఞాపకాలూ కల్పించినవేననీ ఐదో ఎపిసోడ్‌లో గానీ చెప్పలేదు. మనకు కలిగిన అనుమానాన్నే కథగా మలచడమంటే అది.

రిమోట్ రాణి
మలచారు, నిజమే. ఆ తరువాత రెండు సీజన్లు ఆ చెల్లెలు డాన్ అరుపులూ అలకలూ భరించింది ఎవరు? కారణం గొప్పదైనంత మాత్రాన పాత్ర గొప్పది కాదు.

మాటల మేస్త్రి
ఇక్కడ రాసినవారిలో ఎవరూ ఆ బల్లకు అవతలి వైపు కూర్చున్నట్లు లేరు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. నేను తొమ్మిదేళ్ళు ధారావాహికలకు సంభాషణలు రాశాను. ఆరుగురు ప్రధాన పాత్రలు ఉన్న కథలో ఇద్దరిద్దరిని ఎదురెదురుగా నిలబెడితే మొత్తం పదిహేను జోడీలు వస్తాయి. నాలుగో సీజన్‌కు ఆ పదిహేను జోడీల మధ్య ప్రేమలూ తగాదాలూ అపార్థాలూ రాజీలూ అన్నీ అయిపోతాయి. ఏడో మనిషిని తెస్తే జోడీలు ఇరవై ఒకటవుతాయి, అంటే ఎవరూ వాడని ఆరు కొత్త జోడీలు చేతికి వస్తాయి. రచయితకు కొత్త పాత్ర కావలసింది అందుకు. పిల్లలు ఎదిగిపోవడం, నటుల ఒప్పందాలు ముగిసిపోవడం వేరే కథ. 'ది బ్రేడీ బంచ్'లో ఆరుగురు పిల్లలూ పెద్దవారైపోయారని 1974లో ఆలివర్ అనే చిన్నవాణ్ణి చివరి ఆరు ఎపిసోడ్‌ల కోసం తెచ్చారు, అప్పటికే చల్లబడుతున్న పొయ్యిని ఆర్పిన నేరం మాత్రం ఆ పసివాడి నెత్తిన పడింది. ప్రేక్షకులకు కోపం రావడం సహజమే, కానీ కోపం తీర్పు కాదు. అందరూ తిట్టే స్క్రాపీ డూ అనే కుక్కపిల్ల లేకపోతే 'స్కూబీ డూ' కార్టూను ఈనాడు ఉండేదే కాదు.

గోడమీద పిల్లి
మేస్త్రి గారూ, మిగిలినవన్నీ ఒప్పుకొంటాను గానీ స్క్రాపీని సమర్థించేవారిని నేను ఈ జన్మలో చూస్తాననుకోలేదు.

మాటల మేస్త్రి
సమర్థించడం కాదు, జరిగినది చెబుతున్నాను. 1970ల చివరకు ఆ కార్యక్రమాన్ని చూసేవారు తగ్గిపోయి, అమెరికా టీవీ ఛానల్ ఏబీసీ దానిని ఆపేసే ఆలోచనలో ఉంది. 1979లో ఆ కుక్కపిల్లను తెచ్చారు, చూసేవారు పెరిగారు, కార్యక్రమం బతికి బట్టకట్టింది. అంతే.

రిమోట్ రాణి
అంతేనా? మరుసటి సంవత్సరం ఏమయిందో కూడా చెప్పండి. 1980లో చిన్న కథలుగా మార్చినప్పుడు దొంగలను పట్టే ఆ జట్టులోని ఫ్రెడ్, డాఫ్నీ, వెల్మా ముగ్గురినీ పక్కన పెట్టేశారు. షాగీ, స్కూబీ, ఈ గంతులేసే బుడత మాత్రమే మిగిలారు. ముసుగు లాగి దొంగను బయటపెట్టే ఆ చివరి ఘట్టం కోసమే చూసేవాళ్ళం, ఆ ఘట్టమే పోయింది. ఇంట్లోవాళ్ళను వెళ్ళగొట్టి ఇల్లు నిలబెట్టామంటే ఎవరైనా సంతోషిస్తారా? తొమ్మిదేళ్ళు మాటలు రాసినవారికి ఇది తట్టకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది.

మాటల మేస్త్రి
నా తొమ్మిదేళ్ళను ఇందులోకి లాగవలసిన అవసరం లేదు. కార్యక్రమం ఆగిపోయి ఉంటే మీ వెల్మా తిరిగి రావడానికి ఇల్లే ఉండేది కాదు. మీరు కెస్ మీద పెంచుకొన్న బాధను కుక్కపిల్ల మీద తీర్చుకొంటున్నారు.

రిమోట్ రాణి
మీరు లెక్కలు చూపించారు, నేను మనుషుల గురించి అడిగాను. కెస్ గురించి మీరు మాట్లాడకపోతే మంచిది.

నిద్రలేని ప్రేక్షకుడు
ఇద్దరికీ ఒక మాట. తరువాత వచ్చిన దర్శకులూ రచయితలూ కూడా రాణి గారి పక్షమే వహించినట్లున్నారు. 2002లో వచ్చిన స్కూబీ డూ సినిమాలో చివరకు ముసుగు తీస్తే బయటపడిన దుర్మార్గుడు స్క్రాపీయే. మేస్త్రి గారి లెక్కలో అది ఏ జోడీ కిందికి వస్తుందో తెలియదు.

మాటల మేస్త్రి
హాస్యం బాగుంది. ఇరవై మూడేళ్ళ తరువాత కూడా జనం తిట్టుకొంటున్నారంటే ఆ పాత్రను ఎవరూ మరచిపోలేదని అర్థం. నికీని ఎందరు గుర్తుపెట్టుకొన్నారు?

గోడమీద పిల్లి
నేను. నాలుగుసార్లు చూశానని పైన రాశాను.

వెన్నెల కిటికీ
తగాదా మధ్యలో వస్తున్నందుకు మన్నించండి. రెండో ప్రశ్నకు ఎవరూ జవాబు ఇవ్వలేదు కాబట్టి రాస్తున్నాను. మా నాన్నగారికి కొరియా యుద్ధంలోని అమెరికా సైనిక ఆసుపత్రి కథ 'మ్యాష్' అంటే ప్రాణం. ఆ కథలో ఫ్రాంక్ బర్న్స్ అనే పిరికి, మూర్ఖపు డాక్టరును తిడుతూ చూడడం ఆయనకు ఒక సుఖం. 1977లో ఆరో సీజన్‌కు బర్న్స్ వెళ్ళిపోయి వించెస్టర్ అనే గర్విష్ఠి సర్జన్ వచ్చిన ఎపిసోడ్ చూసి, తిట్టుకోవడానికి కూడా మనిషి లేకుండా చేశారని ఆయన నిజంగానే లేచి వెళ్ళిపోయారు. తరువాత నా బలవంతం మీద మళ్ళీ కూర్చున్నారు. వించెస్టర్ నిజంగా మంచి సర్జన్ కావడంతో అతనిని ఊరికే ఎగతాళి చేయడానికి వీలు లేకపోయింది. 1983 నాటి చివరి ఎపిసోడ్‌లో అతను బందీలుగా చిక్కిన కొందరు చైనా వాద్యకారులకు మోజార్ట్ సంగీతం నేర్పుతాడు. వాళ్ళంతా దాడిలో చనిపోయారని తెలిశాక గుడారంలోకి వెళ్ళి, అదే సంగీతం ఉన్న రికార్డును పెట్టి, కొద్దిసేపు విని, తీసి పగలగొడతాడు. ఆ రాత్రి నాన్నగారు టీవీ ఆపిన తరువాత కూడా చాలాసేపు కుర్చీలోనే ఉన్నారు. బర్న్స్ పేరు ఆయన మళ్ళీ ఎత్తలేదు.

మాటల మేస్త్రి
వెన్నెల గారూ, చాలా మంచి ఉదాహరణ ఇచ్చారు, నా పని తేలిక చేశారు. వించెస్టర్ వచ్చిన రోజు ఆ గుడారంలో ఎవరూ అతనిని పొగడలేదు. తోటి డాక్టర్లు హాకై, బీజే ఇద్దరూ మొదటి నుంచీ ఆటపట్టించారు, అతను అంతకు అంత తిప్పికొట్టాడు. ఎవరైనా నన్ను అడిగితే చెప్పేది ఇదే: కొత్త మనిషి వచ్చినప్పుడు పాతవారిలో కనీసం ఒకరికైనా ఆ మనిషి నచ్చకూడదు. అప్పుడు ప్రేక్షకుడి చిరాకుకు తెర మీద ఒక నోరు దొరుకుతుంది. అందరూ మొదటి రోజే మెచ్చుకొంటే ఆ చిరాకు ఎటూ పోలేక పాత్ర మీదే పడుతుంది. ఒకసారి ఒక ఛానల్ వారు నా చేత అలాంటి మెచ్చుకోలు సంభాషణలే పదకొండు ఎపిసోడ్‌లకు రాయించారు. పన్నెండో ఎపిసోడ్‌లో ఆ పాత్ర పై చదువుకు విదేశం వెళ్ళిపోయింది.

రిమోట్ రాణి
ఈ మాట ముందే చెప్పి ఉంటే నేను అంత గట్టిగా రాసేదాన్ని కాదు. స్క్రాపీ విషయంలో మాత్రం నా మాట నాదే.

గోడమీద పిల్లి
మేస్త్రి గారి పన్నెండో ఎపిసోడ్ చదివితే 'ది సింప్సన్స్' గుర్తుకు వచ్చింది. 1997 ఫిబ్రవరిలో వచ్చిన ఒక ఎపిసోడ్‌లో, ఆ కథలోనివాళ్ళు టీవీలో చూసే ఒక పాతబడిన బొమ్మల కార్యక్రమానికి ఊపు తేవాలని పూచీ అనే కుక్కను కలుపుతారు. పేరులోనే పూచీ ఉన్నా దాని బతుకుకు ఎవరూ పూచీ పడలేదు, సొంత గ్రహానికి తిరిగి వెళ్తూ దారిలో చనిపోయిందని ఒక కాగితం చూపించి చేతులు దులుపుకొన్నారు. తమాషా ఏమిటంటే అది 'సింప్సన్స్'కు 167వ ఎపిసోడ్, 'ఫ్లింట్‌స్టోన్స్' అనే పాత కార్టూను ఎపిసోడ్‌ల లెక్కను దాటిన ఎపిసోడ్. అంత పెద్ద సందర్భాన్ని కొత్త పాత్రలను ఎగతాళి చేయడానికి వాడుకొన్నారు. అందులోనే సింప్సన్ కుటుంబం ఇంట్లో రాయ్ అనే కుర్రవాడు ఏ వివరణా లేకుండా ప్రత్యక్షమై, చివరకు వెళ్ళిపోతాడు.

నిద్రలేని ప్రేక్షకుడు
రెండో ప్రశ్నకు నా జవాబు ఫ్రేజియర్. 'చీర్స్' మూడో సీజన్‌లో 1984లో అతను వచ్చింది ప్రేమికులైన డయాన్‌కూ శామ్‌కూ మధ్య అడ్డు పడడానికి, అదీ కొన్ని ఎపిసోడ్‌ల కోసమే. అడ్డుపుల్లగా వచ్చినవాడే 1993లో సొంత కార్యక్రమం మొదలుపెట్టి పదకొండు సీజన్లు నడిపించాడు. నాకు అతను నచ్చడానికి దాదాపు రెండు సీజన్లు పట్టింది. అంత ఓపిక అందరికీ ఉండాలని నేను అనను.

పాత టేపు
మొదటి ప్రశ్నకు ఒక్క జవాబు వచ్చింది, అదీ రెండు సీజన్లని. పోనివ్వండి. మేస్త్రి గారి మాట చదివాక నిన్న రాత్రి ఆపిన చోటు నుంచి నాలుగో ఎపిసోడ్ చూశాను. ఆ అమ్మాయి వంటగదిలోకి వచ్చి కిటికీ పక్కన ఉన్న కుర్చీలో కూర్చుంది. మూడో సీజన్‌లో చనిపోయిన పెద్దాయన కూర్చునే కుర్చీ అది, అప్పటి నుంచి ఎవరూ అందులో కూర్చోలేదు. ఆయన కూతురు తల ఎత్తకుండానే, "అక్కడ కాదు," అన్నది. అమ్మాయి లేచి నిలబడింది. తరువాత ఎవరూ ఏమీ మాట్లాడలేదు. ఐదో ఎపిసోడ్ ఈ రాత్రి చూస్తాను.